కీలు మీద కొత్త రంగు

“వ్యాను తాళాలు కూడా తీసేసుకున్నారక్కా,” అంటూ తమ్ముడు వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

రంగులమ్మ చేతిలోని టీ గ్లాసు మధ్యలోనే ఆగిపోయింది. ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. మొగుడు మేస్త్రి, గేట్లు చేస్తాడు, ఆమె వాటికి రంగులు వేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని, అదే పేరు.

“ఎవరు తీసుకున్నారు?”

“స్కూలు గుమాస్తా. నిన్న పోలీస్ స్టేషన్ నుంచి తిన్నగా స్కూలుకే పోయాను, పిల్లల్ని దింపే వేళయిందని. ఎదురొచ్చి చెయ్యి చాచాడు. ‘ఈ గొడవేదో తేలేదాకా ఇంటిపట్టునే ఉండు, తల్లులు అడుగుతున్నారు’ అన్నాడు. వేరేవాడెవడో బండి తీశాడు. పిల్లలు కిటికీల్లోంచి ‘వ్యాను మామా, నువ్వెక్కవా?’ అని ఒకటే కేకలు. పదకొండేళ్ళు తోలానక్కా ఆ బండి.”

“ముందు టీ తాగు.”

“దిగదు.”

“స్టేషన్‌లో ఏమంటున్నారు?”

“ఏమీ అనరు. బల్ల మీద కూర్చోమంటారు. తొమ్మిదింటి నుంచి మూడింటిదాకా కూర్చుంటాను. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూస్తారు. నిన్న మా బండెక్కే పిల్ల వాళ్ళ నాన్న ఏదో పని మీద వచ్చి, నన్ను చూసి మొహం తిప్పేసుకున్నాడు.” చెప్పు కొసతో నేల మీద గీతలు గీశాడు. “ఇవాళ్టితో తేలిపోతుందట. నాలుగింటికి టీచరమ్మ వచ్చి నా పేరు రాసి సంతకం పెడుతుందట. పెడితే కేసు కడతారు.”

“వదిన సంతకం పెడుతుందా? నీ మీద?”

“ఆవిడ తప్పేముందక్కా? చూపు ఆనని మనిషి. ఆవిడకి కనపడింది ఆ తాళం ఒక్కటే.”

వదినంటే మేస్త్రి అక్క. ఊరంతా పెద్ద టీచరు అంటారు. సోమవారం పట్టపగలు ఆవిడ కంటి ఆసుపత్రికి వెళ్ళి వచ్చేసరికి ఇల్లు ఊడ్చేశారు. నాలుగు గాజులు, గొలుసు, పోయిన భర్త చేతి ఉంగరం, అన్నీ పోయాయి. ఇంటి తలుపు గునపంతో పెళ్ళగించారు గానీ, వీధి గేటుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. ఎనిమిదడుగుల రేకు గేటు, పైన బల్లేల్లాంటి మొనలు. గోడ మీది గాజు పెంకులు ఒక్కటి చెదరలేదు. ఆ తాళానికి చెవులు రెండే. ఒకటి ఆవిడ పర్సులో ఉంది. రెండోది, పూటపూటా వచ్చి ఆవిడ కంట్లో మందు వేసి వెళ్ళే తమ్ముడి జేబులో ఉంది. ఆ పూట వాడు ఆవిణ్ణి ఆసుపత్రిలో దింపి, వ్యాను చెట్టు నీడన పెట్టి, అందులోనే రెండు గంటలు నిద్రపోయాడు. నిద్రకి సాక్ష్యం ఎవరు చెప్తారు?

వీధి అప్పుడే తీర్పు చెప్పేసింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఒకరు, కంచే చేను మేస్తే ఏం చేస్తామని ఇంకొకరు. సామెతలకేం, ఊరికే వస్తాయి.

“బావ లేడా?” అన్నాడు తమ్ముడు లేస్తూ.

“ఉన్నాడు, పెరట్లో.”

ఆ మాట వినపడ్డట్టే పెరట్లో కటింగ్ మిషను కీచుమంది. తమ్ముడు అటువైపు ఒక్క క్షణం చూశాడు. ఏదో అడగబోయినట్టు పెదవి కదిలింది. మళ్ళీ ఏమనుకున్నాడో, చొక్కా దులుపుకుని స్టేషన్ దారి పట్టాడు.

*

రంగులమ్మ పెరట్లోకి వెళ్ళి నిలబడింది. మేస్త్రి ఇనప పట్టీ కోస్తున్నాడు. కోసిందాన్నే మళ్ళీ కోస్తున్నాడని ఆమెకి చూడగానే తెలిసిపోయింది. మాటలు వినపడకూడదనుకున్నప్పుడు ఆ ఇంట్లో ఆ మిషను బాగానే పనికొస్తుంది.

“మీ అక్కతో ఒక్క మాట చెప్పలేరా మీరు?”

మిషను ఆగింది. “ఏం చెప్పమంటావు?”

“వాడు అలాంటివాడు కాడని.”

“అది అక్కకి తెలీదా?”

“తెలిస్తే సంతకం పెట్టడానికి ఎందుకెళ్తున్నట్టు?”

“తాళం చెవులు రెండే. తాళం పగల్లేదు. నేనేం చెయ్యను?” ఈ మాటలన్నీ అతను చేతిలోని పట్టీతో చెప్పాడు. పెళ్ళాం మొహం చూసి మాట్లాడి మూడు రోజులైంది.

“ఆ వాచీ సంగతి మనసులో పెట్టుకున్నారా?”

“ఛ! ఏం మాటలవి?”

అనకూడని మాటే. తమ్ముడు పందొమ్మిదేళ్ళ వయసులో బావ చేతి వాచీ ఎత్తుకెళ్ళి అమ్మేశాడు. విషయం తెలిసి వాళ్ళ నాన్న కర్ర తీస్తే, మేస్త్రి అడ్డం నిలబడి, ‘నేనే ఇచ్చాను మామయ్యా, అమ్ముకోమని’ అన్నాడు. ఆ ఒక్క అబద్ధంతో ఆ కుర్రాడు మనిషైపోయాడు. ఆ రోజు నుంచి బావ గీసిన గీత దాటి ఎరగడు.

“అప్పుడు వాడు నిజంగా తీస్తేనే కాపాడారు,” అంది రంగులమ్మ. “ఇప్పుడు ఏమీ చెయ్యకపోతే నోరు మెదపరు. ఏమైంది మీకు?”

మేస్త్రి పట్టీని మళ్ళీ మిషను కింద పెట్టాడు. కొత్త బేరం వస్తే గంటసేపు మాట్లాడగల మనిషి. ‘గేటు దొంగని ఆపదండీ, ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో వాణ్ణి వీధిలో నలుగురూ చూడాలి. అందుకే కమ్మీల గేటు పెట్టించుకోండి, రేకు గేటంటే దొంగకి దుప్పటి కప్పినట్టే. అడ్డ కమ్మీలు లోపలివైపు ఉండాలి, బయటికి పెడితే అవే నిచ్చెన మెట్లు. గోడ వారగా డ్రమ్ములు పెట్టకండి. కంచె పక్కన ముళ్ళ మొక్కలు వెయ్యండి, జీతం అడగని కాపలా’ అని చేతులు తిప్పుతూ చెప్తుంటే, పని ఇవ్వడానికి రానివాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు. అలాంటివాడికి ఇవాళ మాట పెగలడం లేదు.

“మీరు వెళ్ళకపోతే నేనే వెళ్తా,” అని చెంగు బిగించి బయల్దేరింది రంగులమ్మ.

“వద్దు. నువ్వెళ్ళకు,” అన్నాడు మేస్త్రి వెనకనుంచి. అతని గొంతులో భయం ఉంది. అది ఆమె చెవిన పడింది గానీ, బుర్రకెక్కలేదు.

*

పెద్ద టీచరు ఇల్లు బస్సుల రోడ్డు దాటితే పక్క వీధిలోనే. ఒకప్పుడు ఆ ఇంటికి నడుమెత్తు కమ్మీల గేటు ఉండేది. దారినపోయే పిల్లలు ‘నమస్తే టీచర్’ అంటుంటే, ఆవిడ వరండాలోంచే ఒక్కొక్కణ్ణీ మార్కులతో సహా గుర్తుపట్టేది. చూపు మసకబారాక, పలకరిస్తున్నది ఎవరో తెలియక భయం పట్టుకుంది. ‘నాకు కనపడనివాళ్ళకి నేను మాత్రం ఎందుకు కనపడాలిరా’ అని పట్టుబట్టి ఈ రేకు గేటు చేయించుకుంది. ఊరందరికీ వద్దని చెప్పే గేటుని మేస్త్రి అక్కకోసం చేశాడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన అక్క. ఆవిడ మాట అతనెప్పుడూ కాదనలేదు.

“ఎవరు?” అంది లోపలి గొంతు. “ఎవరూ?” అంది మళ్ళీ, దగ్గరికొచ్చి.

“నేను వదినా.”

“ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నే.”

గడియ తీసిన చప్పుడైంది. పెద్ద టీచరు నల్లద్దాలు పెట్టుకుని ఉంది. చెంప మీద చారికలు కట్టి ఉన్నాయి. కన్నీళ్ళేమోననుకుంది రంగులమ్మ. కాదు, కంటి చుక్కల మందు.

“చుక్కలు ఎవరు వేస్తున్నారు వదినా?”

“నేనే. సగం కంట్లో, సగం చెంప మీద.” ఆవిడ కుర్చీ తడుముకుని కూర్చుంది. “మొన్న వాడొచ్చాడు, మందు వేళయిందని. ‘టీచరమ్మా’ అని నాలుగుసార్లు పిలిచాడు. నేను గేటు తియ్యలేదు.”

ఆ ఇంట్లో గడియారం చప్పుడు పెద్దగా వినపడుతోంది. రంగులమ్మ ఎదురుగా కూర్చుంది.

“వాడు దొంగని మీకనిపిస్తోందా?”

“ఆ మాట నేనెప్పుడూ అనలేదమ్మా. తాళం పగల్లేదు అన్నాను. అంతే.”

“ఆ రెండింటికీ తేడా ఏముంది వదినా?”

పెద్ద టీచరు చెంప మీది మందు చెంగుతో తుడుచుకుంది.

“ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. రెండు చెవుల్లో ఒకటి నా దగ్గరుంటే రెండోది ఎవరి దగ్గరుందని అడిగారు. చెప్పాను. అబద్ధమాడమంటావా?”

“ఆడొద్దు. సంతకం పెట్టొద్దంటున్నా. వాడి బతుకు పోతుంది. నిన్న వ్యాను తీసేసుకున్నారు. రేపు పిల్లని ఇచ్చినవాళ్ళు వచ్చి వాడి పెళ్ళాన్ని తీసుకెళ్ళిపోతారు.”

“పెట్టకపోతే?” అంది ఆవిడ. “వాడు నా కంట్లో మందు వేస్తున్నంతసేపూ ‘వీడేనా, వీడేనా’ అనుకుంటూ పడుకోవాలి. కన్నకొడుకులా చూసుకున్నానే. అలా అనుకుంటూ బతకడం నా వల్ల కాదు. తప్పో ఒప్పో, అదేదో తేలిపోనీ.”

“ఇంకెవరైనా వేరేలా వచ్చుండచ్చు కదా?”

“ఎలా వస్తారు? నా తమ్ముడు చేసిన గేటమ్మా ఇది. ‘అక్కా, ఈ గేటు దాటి పురుగు కూడా రాదు’ అని వాడే నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. వేరే దారే ఉంటే ఈ మూడు రోజుల్లో వాడు నాకు చెప్పడూ?”

రంగులమ్మ లేచింది.

బయటికొచ్చి గేటు దగ్గరికి లాగుతుంటే ఆమె చూపు కీలు మీద ఆగింది.

పనివాళ్ళకి తమ చేతిపని దారినపోతూ కూడా కనపడుతుంది. ఆమె వేసే నలుపు ఉత్త నలుపు కాదు. డబ్బాకి రెండు చెంచాల నీలం కలుపుతుంది, ఎండలో నిగారింపు రావడానికి. ఈ గేటంతా ఆ నలుపే. కానీ పైకీలు దగ్గర నాలుగువేళ్ళ మేర బొగ్గులాంటి ఉత్త నలుపు. కుంచె అడ్డంగా తిప్పిన గీతలు. ఆమె కుంచె ఎప్పుడూ పైనుంచి కిందికే నడుస్తుంది.

వంగి కింది కీలు చూసింది. అక్కడా అంతే.

గోటితో గీకింది. పొర మెత్తగా లేచొచ్చింది. దాని కింద, గేటుకున్న గొట్టం స్తంభానికున్న పిన్ను మీద కూర్చునే చోట, పాత రంగు నిలువునా గీసుకుపోయి ఉంది. గేటు తిరిగితే రంగు చుట్టూరా తెగుతుంది, పైకెత్తితే తప్ప ఇలా నిలువునా లేవదు.

ఆమెకి ఆ రోజు గుర్తొచ్చింది. మేస్త్రీ, తమ్ముడూ చెరోపక్క పట్టుకుని గేటు ఎత్తి పిన్నుల మీద కూర్చోబెట్టారు. అంతలో కరెంటు పోయింది. పిన్ను తల మీద వాచరనే ఇనప బిళ్ళ పెట్టి వెల్డింగ్ చేసేస్తే, ఇక ఏ మొనగాడూ ఆ గేటుని పైకి లేపలేడు. మేస్త్రి చేసిన ప్రతి గేటుకీ ఆ వాచరు ఉంటుంది. ‘మన అక్క ఇల్లే కదా, రేపొచ్చి చేసేస్తాలే’ అన్నాడు. ఆ రేపు అయిదు నెలలైనా రాలేదు. బయటివాళ్ళయితే మర్నాడే ఫోన్ల మీద ఫోన్లు చేసి పీకల మీద కూర్చునేవాళ్ళు. మనవాళ్ళ పనికి తొందరేముంది? మర్నాడు కీళ్ళకి రంగు పూసి వచ్చిన తనకైనా గుర్తుకు రాలేదు.

ఎవరో గేటు ఎత్తారు. ఇంకెవరో దానిమీద రంగు పూశారు. ఆ రెండో మనిషి ఎవరో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. 

*

వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆవిడ పిలిచింది.

“రంగులమ్మా, సోమవారం గేటు ఎత్తినవాళ్ళ సంగతి తేలిందా?”

“ఏ గేటు?”

“అదేంటి, టీచరమ్మ గేటుకి మీ మనుషుల్లాగే ఇద్దరు వచ్చారుగా. నీలం చొక్కాలు, గునపం. గేటు కింద గునపం పెట్టి లేపుతుంటే చూశా. మీ మేస్త్రే పంపాడనుకుని నా పనిలో నేనుండిపోయా. ఆనక ఆ రేకు వెనకాల ఏం జరిగిందో ఎవడికి కనపడింది? మళ్ళీ గేటు చక్కగా కూర్చోబెట్టి పోయారు.”

“ఈ మాట ఎవరికీ చెప్పలేదా?”

“చెప్పకపోవడమేంటి! ఆ మధ్యాహ్నమే మీ ఆయనకి చెప్పా. ‘నేను చూసుకుంటాలే, నువ్వెవరితోనూ అనకు, స్టేషన్ చుట్టూ తిప్పుతారు’ అన్నాడు. నాకెందుకొచ్చిన గొడవని ఊరుకున్నా.” అని, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, “ఏం తల్లీ, అలా అయిపోయావు?” అంది.

*

రంగులమ్మ పెరట్లోకి వెళ్ళి గోడ మీది స్విచ్చి ఆర్పేసింది. మిషను మూలుగుతూ ఆగిపోయింది. నల్లరంగు అంటిన గోరు మొగుడి కళ్ళ ముందు పెట్టింది.

“ఇది నా నలుపు కాదు.”

మేస్త్రి ఆ గోరుని చూశాడు. చేతి తొడుగులు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు.  

“అక్క ఫోను చేస్తే స్కూటరు మీద పోయాను,” అన్నాడు చివరికి. “గేటు చూడగానే అర్థమైపోయింది. అక్క వరండాలో కూర్చుని ఏడుస్తోంది. ‘నీ గేటుండగా ఎలా వచ్చార్రా?’ అని అడిగింది. నా నోట మాట రాలేదు. స్కూటరు డిక్కీలో రంగు డబ్బా ఉంది. స్టేషన్ వాళ్ళు ఇంకా రాలేదు. చెయ్యి దానంతటదే పోయిందే.”

“వాణ్ణి పట్టుకుపోతారని తెలీదా?”

“అప్పుడు తెలీదు. ఒట్టు. తెలిసేసరికి రంగు ఆరిపోయింది.”

“ఆరిపోతే గీకలేరా? నేను గోటితో గీకానే!”

అతను తల దించుకున్నాడు.

“అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరు నవ్వుతుందనా మీ భయం?”

“ఊరు నవ్వితే నవ్వనీ. అక్కకి ఎలా చెప్పను? ఊళ్ళో ప్రతి గేటుకీ వాచరు వేసి, నీ ఒక్కదాని గేటుకే వెయ్యలేదక్కా అని ఎలా చెప్పను? నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి. ఆవిడకి కళ్ళు పోతున్నాయి. నా గేటు ఒక్కటే ధైర్యమనుకుంది.”

“మీ అక్క కళ్ళనీళ్ళు చూడలేకపోయారు. మా తమ్ముడు బల్ల మీద కూర్చుంటే మాత్రం చూడగలిగారు.”

ఇరవై రెండేళ్ళలో మొగుడు ఏడవడం ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది. తుక్కు ఇనుము మీద కూర్చుని, మసిచేతులతో మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు. జాలీ కోపమూ ఒక్కసారే పొంగుకొచ్చి, ఏది ముందో తెలియక ఆమె అలాగే నిలబడింది.

“నేను చెప్తే ఎవరూ నమ్మరు,” అంది కాసేపటికి. “తమ్ముడికోసం అల్లిన కథంటారు. ఇస్త్రీ ఆవిడ స్టేషన్ మెట్టెక్కదు. మీరే చెప్పాలి. నాలుగు కొట్టేలోపు.”

అతను లేచి తొడుగులు మళ్ళీ తొడుక్కున్నాడు.

పన్నెండైంది. ఒంటిగంటైంది. భోజనం వడ్డించింది, ఎవరూ ముట్టలేదు. రెండుసార్లు చెప్పులు వేసుకుని గుమ్మందాకా వెళ్ళి, రెండుసార్లూ తిరిగొచ్చింది. ఆయన నోటితోనే రావాలి, అప్పుడే దానికి విలువ అనుకుంది. ఆ అనుకోవడంలో తమ్ముడి మేలెంత, మొగుడి పరువు మీద ఆశెంత అన్నది ఆమె తనని తాను అడుక్కోలేదు.

*

నాలుగుకి పావుగంట ముందు ఇంటి ముందు అడుగుల చప్పుడైంది. పెద్ద టీచరు వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్నది తమ్ముడు.

“రోడ్డు దాటలేక నిలబడిపోయారక్కా,” అన్నాడు, దానికేదో సంజాయిషీ కావాలన్నట్టు. “బస్సులు ఆగవుగా. స్టేషన్ నుంచి వస్తూ చూశాను.”

“నన్ను చూసి తప్పుకుని పోతాడనుకున్నా,” అంది పెద్ద టీచరు. “వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.” ఆవిడ వరండా మెట్టు కాలితో తడుముకుని ఎక్కింది. “తమ్ముడేడమ్మా?”

మేస్త్రి పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆవిడకి ఆకారం మాత్రం కనపడి ఉంటుంది. అటు తిరిగింది.

“స్టేషన్‌కి వెళ్తున్నానురా. వెళ్ళేముందు నిన్నొక్క మాట అడగాలని వచ్చాను. ఆ గేటు చేసినవాడివి నువ్వు. తాళం తియ్యకుండా లోపలికి రావడానికి ఏ దారైనా ఉందా? ఉందని నువ్వొక్క మాట అను. ఇటునుంచి ఇటే ఇంటికి పోతాను. సంతకం పెట్టను.”

రంగులమ్మ మొగుణ్ణి చూసింది. నోటిదాకా వచ్చిన మాటని పళ్ళ బిగువున ఆపుకుంది. చెప్పండి, చెప్పండి అని లోపల్లోపల మొత్తుకుంది.

మేస్త్రి గుమ్మం చెక్క పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

“చెప్పరా.”

“బావ పనికి వంక ఉండదు టీచరమ్మా,” అన్నాడు తమ్ముడు మెల్లగా. “ఆయన గేటుకి వేరే దారుండదు. పదండి, వేళవుతోంది. నేనే దింపుతాను.”

అని ఆవిడ చెయ్యి మళ్ళీ పట్టుకున్నాడు. తన మీద సంతకం పెట్టించడానికి తనే జాగ్రత్తగా మెట్టు దింపుతున్నాడు.

“ఆగరా!” అన్నాడు మేస్త్రి. అది కేక కాదు, ఏడుపు. “అక్కా, తాళంతో పన్లేదు. గేటు ఎత్తెయ్యచ్చు. పిన్నుకి వాచరు వెయ్యలేదు నేను. రేపు రేపంటూ మర్చిపోయాను. ఇద్దరు మనుషులు గునపంతో లేపి లోపలికొచ్చారు, ఇస్త్రీ ఆవిడ చూసింది. రంగు తెగిపోతే పైన నేనే పూశాను. ఎవరికీ తెలీకూడదని నేనే పూశానక్కా.”

  పెద్ద టీచరు మేస్త్రి వైపు కాకుండా, తన చెయ్యి పట్టుకున్నవాడి వైపు తిరిగింది.

“నీకు తెలుసా ఈ సంగతి?”

తమ్ముడు బావ వైపు చూశాడు.

“నిన్నేరా.”

“వాచరు లేదని తెలుసు టీచరమ్మా. ఆ రోజు గేటు ఎత్తిపెట్టింది నేనూ బావే.”

“మరి మూడు రోజులు ఆ బల్ల మీద కూర్చుని నోరు విప్పలేదేం?”

“బావ చెప్తాడనుకున్నా.”

మేస్త్రి గుమ్మంలోనే కూలబడ్డాడు. పెద్ద టీచరు మెల్లగా తమ్ముడి చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.

“ఈ చెయ్యి పట్టుకుని నడిచే మొహం నాకు లేదురా,” అంది. “మందు వెయ్యడానికొస్తే గేటు తియ్యలేదు నేను.”

“అదేం మాట టీచరమ్మా...”

“అక్కా, నేనొస్తానక్కా,” అంటూ మేస్త్రి లేవబోయాడు.

“నీది అసలే వద్దు.” ఆవిడ ఎన్నడూ అంత నెమ్మదిగా మాట్లాడలేదు. “స్టేషన్‌లో నాలుగింటికి వస్తానని చెప్పాను. వెళ్తాను. సంతకం పెట్టాలి.”

“ఎవరి పేరు రాస్తావక్కా?”

ఆవిడ చేత్తో కంచె తడుముకుంది. మేస్త్రి తన ఇంటికి వేసుకున్నది నడుమెత్తు కమ్మీల కంచె. ఒక్కొక్క కమ్మీ పట్టుకుంటూ, విడుస్తూ, వీధి చివరికి నడిచింది. కంచె అయిపోయిన చోట కాస్త తడబడి, గోడ పట్టుకుంది. అక్కణ్ణించి రోడ్డు. రోడ్డుకి అవతల స్టేషన్. బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆవిడ అంచున నిలబడిపోయింది.

మగవాళ్ళిద్దరూ కదల్లేదు. వద్దన్న చెయ్యి ఎవరు చాస్తారు? తనకెవరూ వద్దని చెప్పలేదని గుర్తొచ్చి, రంగులమ్మ పరిగెత్తింది. వెళ్ళి పెద్ద టీచరు మోచెయ్యి పట్టుకుంది.

“ఎవరు?”

“నేను వదినా.”

పెద్ద టీచరు ఆ చేతిని తన రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. ఒక అడుగు వేసింది. మళ్ళీ ఆగింది.

“పొద్దున మా ఇంటికొచ్చావే. అప్పటికి నీకు తెలుసా?”

“తెలీదు వదినా. మీ గేటు దగ్గర, వెళ్తూ వెళ్తూ చూశాను.”

“పదింటికా?”

“ఊఁ.”

“ఇప్పుడు నాలుగైంది.”

రంగులమ్మ ‘ఆయన చెప్తాడనుకున్నాను’ అనబోయింది. ఆ మాట తమ్ముడి నోట ఎంత బాగుందో, తన నోట అంత సిగ్గుగా ఉంటుందని తోచి మింగేసింది.

“ఊఁ,” అంది.

పెద్ద టీచరు వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. ఆ చేతిని కూడా వదిలేసి, ఆవిడ రోడ్డు వైపు తిరిగి నిలబడింది.